ఉమ్మడి సాఫ్ట్‌వేర్ కోడ్‌కు ఆమోదం ఎవరు ఇవ్వాలి?

పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాలుగు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చాయి. నాలుగూ వేర్వేరు చోట్ల వేర్వేరు ఇబ్బందుల మధ్య పుట్టినవే అయినా అడిగిన విషయం ఒక్కటే, కలిసి రాసే సాఫ్ట్‌వేర్‌లో మార్పులను ఎవరు చూసి ఆమోదించాలన్నదే కనుక, మిగిలిన ఉత్తరాలను వచ్చే సంచికకు ఉంచి, పేజీ మొత్తం వీటికే ఇస్తున్నాం. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: పలాస, కాశీబుగ్గ ప్రాంతాల జీడిపప్పు వ్యాపారులు వాడుకునేందుకు పిక్కల కొనుగోలు, పప్పు గ్రేడ్లు, కూలి లెక్కలు, బిల్లులు అన్నీ ఒకచోట రాసుకునే సాఫ్ట్‌వేర్‌ను తొమ్మిది మందిమి కలిసి రాస్తున్నాం. కొందరం ఇక్కడే ఉంటాం. మిగిలినవారు విశాఖపట్నంలోను, హైదరాబాదులోను ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్ళు రాస్తారు. కోడ్ గిట్‌హబ్‌లో (కోడ్‌ను ఉంచుకుని నలుగురూ కలిసి పనిచేసే వెబ్‌సైటు) అందరికీ కనిపించేలా ఉంది. ఎవరు ఏ మార్పు చేసినా మరొకరు చూసి ఆమోదించిన తరువాతే మెర్జ్ చేయాలని, అంటే అసలు కోడ్‌లో కలపాలని, నియమం పెట్టుకున్నాం. అయినా కొన్ని మార్పులు వారాల తరబడి ఎవరూ చూడకుండా పడి ఉంటున్నాయి, మరికొన్ని రాత్రి పదకొండు గంటలకు పెడితే పదకొండూ అయిదుకల్లా ఆమోదం పొందుతున్నాయి. 2025 సెప్టెంబరు 22న జీఎస్‌టీ రేట్లు మారినప్పుడు ఒక మిత్రుడు రేట్ల పట్టికను సవరించాడు, ఇంకొకడు స్క్రీను చూసి సరేనన్నాడు. తరువాత చూస్తే, జీడిపప్పుతో పాటు బాదం, పిస్తా అమ్మే దుకాణాలవారు ఆ తేదీకి ముందు రాసిన బిల్లులను మళ్ళీ ప్రింటు తీసినప్పుడు వాటి మీద కూడా కొత్త రేటే పడుతోంది. ఎవరో ఒకరు సరిగా చూసే ఉంటారని అందరమూ అనుకున్నాం. టెక్కలిలో అకౌంటెంటుగా పనిచేసే మా మావయ్యగారు ఒక్క నిమిషంలో తప్పు పట్టుకున్నారు కాని, ఆయనకు కోడ్ రాదు. ఈ బాధ్యతలను ఎలా పంచుకోవాలి?
— ఒక పాఠకుడు, పలాస

సమాధానం: ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్న సామెత మీ రేట్ల పట్టికకు అతికినట్టు సరిపోతుంది. మీ మిత్రులలో ఎవరికీ శ్రద్ధ లేదని మేము అనుకోవడం లేదు. ‘మరొకరు చూడాలి’ అన్న మీ నియమం ఎంతమంది చూడాలో చెబుతోంది కాని, ఏ భాగానికి ఎవరు జవాబు చెప్పుకోవాలో చెప్పడం లేదు. జవాబుదారీ ఎవరో తేలని చోట తీరిక ఉన్నవారు ఆమోదిస్తారు, తీరిక లేని రోజున ఎవరూ ఆమోదించరు. మీరు రాసిన రెండు లక్షణాలూ, అంటే వారాల ఆలస్యమూ అయిదు నిమిషాల ఆమోదమూ, ఆ ఒక్క లోపం నుంచి వచ్చినవే.

ముందుగా చదవడాన్ని, ఆమోదించడాన్ని వేరు చేయండి. పెద్ద ప్రాజెక్టులు ఈ తేడాను చాలాకాలంగా పాటిస్తున్నాయి. కుబర్నెటీస్ అనే సర్వర్ల నిర్వహణ సాఫ్ట్‌వేర్‌లో ఫోల్డర్లలో ‘ఓనర్స్’ అనే ఫైళ్ళు ఉంటాయి. వాటిలో రివ్యూయర్లు, అప్రూవర్లు అని రెండు జాబితాలు వేరువేరుగా ఉంటాయి. రివ్యూయరు కోడ్ సరిగా పనిచేస్తుందా, తేలికగా అర్థమవుతుందా, టెస్టులు (కోడ్ సరైన జవాబు ఇస్తోందో తనిఖీ చేసే చిన్న ప్రోగ్రాములు) ఉన్నాయా అని చూస్తారు. అప్రూవరు ఆ మార్పు అసలు ఈ ప్రాజెక్టులోకి రాదగినదేనా, పాత వాడుకదారుల పని చెడుతుందా, మిగతా భాగాలతో పొసగుతుందా అని చూసి తుది మాట చెబుతారు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి కెర్నెల్‌లో ‘మెయింటెయినర్స్’ అనే ఒకే పెద్ద ఫైలు ఉంది. ప్రతి ఉపవిభాగానికీ బాధ్యులెవరో, చదవవలసినవారు ఎవరో, ఏయే ఫైళ్ళు దాని కిందికి వస్తాయో, ఆ విభాగం ప్రస్తుతం ఎవరి సంరక్షణలోనైనా ఉందో లేక అనాథగా ఉందో కూడా అందులో రాసి ఉంటుంది. మార్పు చేసినవారు ఒక చిన్న స్క్రిప్టును నడిపితే, ఆ మార్పును ఎవరికి పంపాలో అదే చెబుతుంది. తొమ్మిది మందికి అంత యంత్రాంగం అక్కరలేదు గాని, ‘ఎవరిని అడగాలి’ అనే ప్రశ్నకు జవాబు మనుషుల జ్ఞాపకంలో కాక కోడ్ పక్కనే ఒక ఫైలులో ఉండాలన్న ఏర్పాటు మాత్రం మీరు తప్పక తీసుకోవలసినది.

ఇక పంపకం. ఫోల్డర్లను లెక్కపెట్టి తలా ఒకటి పంచుకోవడం చాలామంది చేసే పని. మేము దానిని సిఫారసు చేయము. తప్పు జరిగితే ఎవరికి ఎంత నష్టమన్నది చూసి పంచండి. మీ సాఫ్ట్‌వేర్‌లో డబ్బు లెక్క మారే చోట్లు రెండే కనిపిస్తున్నాయి: పన్ను, కూలి. కిలోల లెక్కన కూలి తీసుకునే మనిషికి పైసల సవరింపులో పొరపాటు వస్తే, ఆ సంగతి ఆమెకు తెలిసే అవకాశం తక్కువ, వచ్చి అడిగే అవకాశం ఇంకా తక్కువ. అందుచేత ఆ భాగానికి అందరికంటె నిదానస్తుడిని పెట్టండి. తరువాతి స్థానం తూకాలది, గ్రేడ్లది. 80 కిలోల బస్తాను క్వింటాలుగా మార్చేటప్పుడు, డబ్ల్యూ 240 పప్పు డబ్ల్యూ 320 ఖాతాలో పడినప్పుడు వచ్చే తేడా వ్యాపారికి వెంటనే కనబడుతుంది, గొడవా వెంటనే అవుతుంది. కనుక అది త్వరగానే దిద్దుబాటుకు వస్తుంది. స్క్రీన్ల రంగులు, తెలుగు అనువాదాలు, సహాయ పత్రాలు చివరివి. వాటికి తొమ్మిది మందిలో ఎవరు ఆమోదించినా సరిపోతుంది.

మీ మావయ్యగారి విషయానికి వద్దాం. ఆయనకు కోడ్ రాదన్న కారణంతో ఆయనను బయట ఉంచడం మీ ప్రాజెక్టుకు పెద్ద నష్టం. స్క్రీను చూసి సరేనన్న మిత్రునికి కోడ్ వచ్చు కాని, పన్ను రేటు తేదీతో ముడిపడి ఉంటుందన్న సంగతి తట్టలేదు. మావయ్యగారికి అది ప్రతి రోజూ చేసే పని. ఆయన చదవగలిగే రూపంలో టెస్టును రాయండి. తేదీ, సరుకు, విలువ, రావలసిన పన్ను అని నాలుగు నిలువు గడులతో ఒక పట్టిక ఫైలు పెట్టండి. 2025 సెప్టెంబరు 20, బాదం, 1,000 రూపాయలు, పన్ను 120 అని ఒక వరుస. సెప్టెంబరు 23, బాదం, 1,000 రూపాయలు, పన్ను 50 అని దాని కింద వరుస. సెప్టెంబరు 20 నాటి సరుకు అక్టోబరులో వాపసు వస్తే రాసే క్రెడిట్ నోటుకు పన్ను 120 అని మూడో వరుస. ఈ మూడో వరుసను కోడ్ రాసేవారు సాధారణంగా రాయరు, అకౌంటెంటు మరచిపోరు. ప్రోగ్రామును ఈ పట్టికతో పోల్చి చూసే పని టెస్టు చేస్తుంది. పట్టిక సరైనదా కాదా అని చెప్పే బాధ్యత మావయ్యగారిది. ఈ పట్టిక ఉండి ఉంటే మీ మిత్రుడు చేసిన సవరణ మొదటి వరుస దగ్గరే ఆగిపోయేది, ఎందుకంటే అతడు పాత రేటును ఉంచి కొత్తదాన్ని తేదీతో చేర్చడానికి బదులు పాతదాన్నే చెరిపి రాశాడు.

దీనిని గిట్‌హబ్‌లో అమలు చేయడానికి ‘కోడ్‌ఓనర్స్’ అనే ఫైలు ఉంది. 2017 నుంచి ఈ సదుపాయం ఉంది. ఏ ఫోల్డరుకు ఎవరు బాధ్యులో అందులో వరుసకు ఒకటిగా రాస్తే, ఆ ఫోల్డరును తాకే మార్పు రాగానే వారికి రివ్యూ కోరుతూ కబురు దానంతట అదే వెళుతుంది. ఇంతవరకు అందరికీ తెలిసినదే. తెలియక ఇబ్బంది పడేవి వేరే ఉన్నాయి. ఒక ఫైలుకు రెండు వరుసలు సరిపోలితే చివర ఉన్న వరుసే చెల్లుతుంది. కనుక అన్ని ఫైళ్ళకూ వర్తించే నక్షత్రం గుర్తు వరుసను మొట్టమొదట, పన్ను ఫోల్డరు వరుసను దాని కింద రాయాలి. తలకిందులుగా రాస్తే పన్నుకు రాసిన పేర్లు ఉండీ లేనట్టే. రెండవది, రిపాజిటరీలో, అంటే ప్రాజెక్టు కోడ్ మొత్తం ఉండే చోట, రాసే హక్కు లేని మనిషి పేరు రాస్తే ఆ పేరు లెక్కలోకి రాదు. మావయ్యగారికి ఆ హక్కు ఇవ్వడానికి మీరు జంకవచ్చు కాని, ప్రధాన బ్రాంచ్‌కు, అంటే అందరూ వాడే అసలు కోడ్‌కు, రక్షణ పెట్టినంతకాలం ఆయన చేతిలో నుంచి కూడా ఏదీ నేరుగా అందులో పడదు. మూడవది, ఈ ఫైలు దానంతట అది ఎవరినీ ఆపదు. బ్రాంచ్ రక్షణ నియమాలలో ‘కోడ్ ఓనర్ల ఆమోదం తప్పనిసరి’ అన్న గడిలో టిక్కు పెట్టాలి. మీ కోడ్ బహిరంగంగా ఉంది కనుక ఇదంతా ఉచిత ఖాతాలోనే దొరుకుతుంది. ప్రైవేటు రిపాజిటరీ అయితే డబ్బు కట్టే ఖాతా కావాలి.

అన్నిటికంటె ఎక్కువమంది పొరబడేది మరొకటి. ఒకే వరుసలో ఇద్దరి పేర్లు రాస్తే ఇద్దరూ ఆమోదించాలని కాదు, ఇద్దరిలో ఎవరు ఆమోదించినా చాలునని అర్థం. పన్ను ఫోల్డరుకు ప్రోగ్రామరు పేరు, మావయ్యగారి పేరు పక్కపక్కన రాసి నిశ్చింతగా ఉంటే, ప్రోగ్రామరు ఒక్కడే ఆమోదించి ముగించవచ్చు. కనీసం రెండు ఆమోదాలు కావాలని బ్రాంచ్‌కు నియమం పెట్టవచ్చు కాని, సాధారణ బ్రాంచ్ రక్షణలో ఆ సంఖ్య బ్రాంచ్ మొత్తానికీ వర్తిస్తుంది. బటను రంగు మార్చడానికి కూడా ఇద్దరు కావలసి వస్తుంది. మీ పరిమాణంలో తేలికైన మార్గం ఏమిటంటే, పట్టిక ఫైలు వరుసలో మావయ్యగారి పేరు ఒక్కటే రాసి, పన్ను లెక్కించే కోడ్ వరుసలో ప్రోగ్రామర్ల పేర్లు రాయడం. రేటు మారిన ప్రతిసారీ రెండు ఫైళ్ళూ మారతాయి కనుక, ఇద్దరి ఆమోదమూ దానంతట అదే అవసరమవుతుంది.

అలాగే ‘కొత్త కమిట్లు వస్తే పాత ఆమోదం రద్దు’ అన్న నియమాన్ని కూడా పెట్టండి (కమిట్ అంటే కోడ్‌లో నమోదుచేసిన ఒక మార్పు). ఆమోదం దొరికిన తరువాత ‘చిన్న సవరణే కదా’ అని మరో ఇరవై వరుసలు చేర్చే అలవాటు మంచివారికీ ఉంటుంది. కోడ్‌ఓనర్స్ ఫైలుకు కూడా బాధ్యుడి పేరు అదే ఫైలులో రాయడం మరవకండి. లేకపోతే బాధ్యతల జాబితాను ఎవరైనా మార్చవచ్చు.

ఆలస్యం గురించి ఒక మాట. మొదటి బాధ్యుడు రెండు రోజులలో చూడకపోతే రెండవ బాధ్యుడిని పేరుపెట్టి అడగాలని రాసుకోండి. వాట్సాప్ గ్రూపులో ‘ఎవరైనా చూడండి’ అని పెట్టడం అడగడం కిందికి రాదు. మౌనాన్ని అంగీకారంగా తీసుకోవచ్చా అని కొందరు అడుగుతారు. అపాచీ ఫౌండేషన్ అనే సంస్థ నీడన నడిచే ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులలో అటువంటి సంప్రదాయం ఉంది: ప్రతిపాదన పెట్టి సాధారణంగా 72 గంటలు ఆగుతారు, ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ముందుకు వెళతారు. మీ అనువాదాలకు, సహాయ పత్రాలకు అది చక్కగా సరిపోతుంది. పన్నుకు, కూలికి మాత్రం ఎన్ని రోజులైనా నోరు తెరిచి సరేననేంతవరకు ఆగవలసిందే.

ప్రశ్న: మా ప్రాజెక్టులో ప్రతి మార్పునూ ఒక్క సీనియర్‌గారే ఆమోదిస్తారు. మేమందరం ఆయనను గురువుగారు అని పిలుచుకుంటాం. అసలు మొదట రాసింది ఆయనే. ఇప్పుడు ఆయనకు ఆరోగ్యం బాగుండడం లేదు, పనులు ఆగిపోతున్నాయి. రెండో మనిషిని పెట్టమని అడిగితే నొచ్చుకుంటారేమోనని భయంగా ఉంది. ఆయన స్థానంలో మరొకరిని పెట్టవచ్చా?
— ఒక పాఠకురాలు, రాజాం

సమాధానం: ఆయన స్థానంలో అనకండి, ఆయన పక్కన అనండి. అడిగేటప్పుడు కూడా మొత్తం బాధ్యతను కాకుండా ఏదో ఒక భాగాన్ని అడగండి. ‘రిపోర్టుల ఫోల్డరు మేము చూసుకుంటాం గురువుగారూ, సందేహం వస్తే మిమ్మల్నే అడుగుతాం’ అన్న మాటకు నొచ్చుకునే పెద్దవారు మాకు తెలిసి అరుదు. నెల రోజులపాటు ఆమోదం ఆయనదే అయినా మొదటి రివ్యూ మీరు రాసి ఆయనకు చూపించండి. ఆయన దేనిని పట్టించుకుంటారో, దేనిని వదిలేస్తారో మీకు తెలియాలంటే వేరే దారి లేదు. ఆ జ్ఞానం ఏ ఫైలులోనూ రాసి ఉండదు.

తొందరపడి ఎవరికో ఒకరికి తాళాలు అప్పగించడం కూడా ప్రమాదమేనని 2024లో ప్రపంచమంతా చూసింది. ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాఫ్ట్‌వేర్‌ను ఒకే వ్యక్తి ఏళ్ళ తరబడి తీరిక వేళల్లో నడుపుతుండేవారు. ఆయన అలసట, ఆరోగ్య సమస్యలు మెయిలింగ్ లిస్టులో అందరికీ తెలిసినవే. మారుపేర్లతో కొందరు ఆయన మీద ఒత్తిడి తెస్తుండగా, ఓపికగా మంచి మార్పులు పంపిన ఒకరు నమ్మకం సంపాదించి సహ మెయింటెయినరు అయ్యారు. ఆ తరువాత 5.6.0, 5.6.1 విడుదలలలో దొంగదారి కోడ్ చేరింది. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ (దూరం నుంచి సర్వరులోకి ప్రవేశించే పద్ధతి) అర సెకను ఆలస్యమవుతోందని గమనించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు దానిని పట్టుకుని మార్చి 29న బయటపెట్టారు. మీకు ఇందులో ముఖ్యమైనది ఏమిటంటే, ఆ దొంగదారిని తెరిచే స్క్రిప్టు భాగం గిట్ రిపాజిటరీలో లేదు. విడుదల చేసిన టార్ ఫైలులో, అంటే కోడ్‌ను ఒక్క మూటగా కట్టి ఇచ్చే ఫైలులో, మాత్రమే ఉంది. అంటే ప్రతి మార్పునూ ఎంత శ్రద్ధగా రివ్యూ చేసినా అది కనిపించేది కాదు.

కనుక బాధ్యతలు పంచేటప్పుడు కోడ్‌ను ఆమోదించేది ఎవరు అన్న దానితో ఆగకండి. విడుదల ఫైలును ఎవరు తయారుచేస్తారు, సర్వరు పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంది, డొమైన్ పేరు ఎవరి ఖాతాలో ఉంది అన్నవి కూడా గురువుగారితో కూర్చుని రాసుకోండి. ఇటువంటి ప్రాజెక్టులలో ఆమోదం హక్కును పంచుకున్నాక కూడా డొమైన్ మాత్రం ఒక్కరి మెయిలు ఖాతాకే ముడిపడి ఉండడం సర్వసాధారణం.

ప్రశ్న: నేను ఇంజినీరింగు మూడో సంవత్సరం చదువుతున్నాను. ఒక ఉమ్మడి ప్రాజెక్టులో కొత్తగా చేరాను. పెద్దవారు రాసిన కోడ్ మీద నేను వ్యాఖ్య రాస్తే తలబిరుసు అనుకుంటారా? ఆమోదించే హక్కు నాకు లేదు.
— ఒక విద్యార్థి, బొబ్బిలి

సమాధానం: రాయండి. చదవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, బహిరంగ రిపాజిటరీలో వ్యాఖ్య రాయడానికి హక్కు కూడా అక్కరలేదు. మీ వ్యాఖ్య ఆమోదంగా లెక్కకు రాదు, అంతే. ‘ఇలా ఎందుకు రాశారు?’ అంటే ఎదుటివారికి నిలదీసినట్టు వినిపిస్తుంది. ‘ఈ వరుసలో బరువు సున్నా వస్తే భాగహారం దగ్గర ప్రోగ్రాము ఆగిపోతుందా?’ అని అడిగితే మాట కోడ్ గురించి అవుతుంది, మనిషి గురించి కాదు. సందేహం తప్పని తేలినా నష్టం లేదు, ఎందుకంటే కొత్తవారికి అర్థం కాని వరుస మరో ఆరు నెలలకు రాసినవారికే అర్థం కాదు. ఒక్కటి మాత్రం చేయకండి: పూర్తిగా చదవకుండా ‘బాగుంది సార్’ అని రాయకండి. దానిని చూసి ఆమోదించేవారు ఒకరు అప్పటికే చదివారని అనుకుంటారు.

ప్రశ్న: రెండు విషయాలు. మా కోడ్‌ఓనర్స్ ఫైలులో ఉద్యోగం మారి వెళ్ళిపోయినవారి పేర్లు ఇంకా ఉన్నాయి; తీసేస్తే వారు చేసిన పనిని అవమానించినట్టు అవుతుందని కొందరు అంటున్నారు. రెండవది, కిందటి ఏడాది పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు మా సర్వీసు పడిపోయింది. ఆమోదించవలసిన ఇద్దరూ మూడు లాంతర్ల కూడలి దగ్గర జనంలో ఉన్నారు, ఫోన్లు పలకలేదు. ఉన్నవాడు నియమం తప్పించి మార్పును మెర్జ్ చేశాడు. సర్వీసు లేచింది కాని, మరునాడు అందరూ అతణ్ణే తప్పుపట్టారు. అతడు చేసింది తప్పేనా?
— ఒక పాఠకుడు, విజయనగరం

సమాధానం: మొదటిదానికి జవాబు చిన్నది. కుబర్నెటీస్ ఓనర్స్ ఫైళ్ళలో పదవి నుంచి తప్పుకున్న అప్రూవర్ల పేర్లకు ప్రత్యేకంగా ఒక జాబితా ఉంది. గౌరవం అక్కడ ఉంటుంది, రివ్యూ కోరే కబుర్లు మాత్రం వారికి వెళ్ళవు. లినక్స్‌లోనూ పనిచేసినవారి పేర్లకు ‘క్రెడిట్స్’ అనే ఫైలు వేరే ఉంది. మీరూ రీడ్‌మీలో, అంటే ప్రాజెక్టును పరిచయం చేసే ఫైలులో, ఒక పేరా పెట్టి, కోడ్‌ఓనర్స్ నుంచి ఆ పేర్లను ఈ రోజే తీసేయండి. వాటి స్థానంలో మనుషుల పేర్లు కాకుండా టీము పేరు రాస్తే, మనుషులు మారినప్పుడల్లా ఫైలును మార్చే పని తప్పుతుంది. టీముకు రాసే హక్కు ఇచ్చారో లేదో మాత్రం చూసుకోండి.

రెండవదానిలో ఆ కుర్రవాడి తప్పు మాకు కనిపించడం లేదు. అత్యవసరానికి దారి లేని నియమం రాసినవారిది ఎక్కువ పొరపాటు. సిరిమానోత్సవం ఎప్పుడు వస్తుందో మీ ఊరిలో అందరికీ ముందే తెలుసు. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం, దానికి ముందురోజు తొలేళ్ళు. ఆ రెండు రోజులూ ఊరిలోని ఏ ఇద్దరి మీదా ఆధారపడకూడదు. అత్యవసరంలో రక్షణ నియమాన్ని దాటగలిగే హక్కు ఇద్దరికి ఇవ్వండి, వారిలో ఒకరు జిల్లా బయట ఉండేవారైతే మంచిది.

ఆ హక్కును దేనికి వాడవచ్చో కూడా రాసుకోండి. సర్వీసు పడిపోయినప్పుడు అక్కడికక్కడ కొత్త కోడ్ రాసి చేర్చడం కంటె, చివరిగా చేసిన మార్పును వెనక్కి తీసి నిన్న పనిచేసిన రూపానికి వెళ్ళడం దాదాపు ఎప్పుడూ మేలు. పాత రూపాన్ని ఎవరో ఒకరు అప్పటికే చదివి ఆమోదించి ఉంటారు. డేటాబేసు నిర్మాణం మార్చిన విడుదలలను మాత్రం అలా వెనక్కి తీయడం అంత సులువు కాదు. అందుకని పండుగ వారంలో అటువంటి విడుదలలు పెట్టుకోకండి. నియమం దాటి మెర్జ్ చేసినవారు అదే రోజు కారణం రాయాలి, ఆమోదించవలసినవారు మరుసటి పని దినం ముగిసేలోగా దానిని మామూలు మార్పులాగే పూర్తిగా చదవాలి. మీ విషయంలో రెండవ సగం జరిగిందో లేదో మీరు రాయలేదు. ఆ మార్పును ఇంతవరకు ఎవరూ చదవకపోయి ఉంటే, తప్పుపట్టిన ఆ ఇద్దరినే ముందు కూర్చుని చదవమనండి.